ట్యూబ్‌లైట్ కింద వంటగది

కెనడాలోని బర్నబీలో చదువుకునే రోజుల్లో, కొండమీది యూనివర్సిటీకి వెళ్లే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. అట్ట చుట్టిన పెద్ద పటం ఆమె ఒళ్లో నిలవడం లేదు.

"ఆ చివర కాస్త పట్టుకుంటావా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది. పట్టుకున్నాను.

చైనా, కెనడా చిత్రకారులు కలిసి పెడుతున్న ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తోందట. ఈ కాలంలో చైనీస్ అంటే ఎవరన్నదే దాని విషయం. కెనడాలోనే రెజైనా అనే ఊళ్లో, చైనా నుంచి వలస వచ్చిన తండ్రి నడిపిన హోటల్ వంటగదిని ఆమె గీసింది.

"చైనా నుంచి వచ్చిన చిత్రకారులు ఇది కెనడా బొమ్మ అన్నారు. ఇక్కడివాళ్లేమో ఇంకాస్త చైనీస్‌గా ఉండాలి, ఒక ఎర్ర లాంతరు యాడ్ చెయ్యమన్నారు."

"చేశారా?"

"మా వంటగదిలో లాంతరు లేదు. ట్యూబ్‌లైట్ ఉండేది. ఇలా వద్దంటే బొమ్మని ఇంటికి తెచ్చేసుకుంటా."

స్టాప్ రాగానే పటం తీసుకుని దిగిపోయింది.

వారం తర్వాత వెళ్లి చూశాను. బొమ్మ గోడకే ఉంది, అయితే బయటికి వెళ్లే తలుపు పక్కన. లాంతరు లేదు. ఆమె కనిపించలేదు.

ఆ చలికాలం మా డిపార్ట్‌మెంట్ ఫంక్షన్‌కి ఇండియన్ అమ్మాయిల్ని చీరల్లో రమ్మన్నారు. నేను హైదరాబాద్‌లో ఎన్నడూ చీర కట్టలేదు. జీన్స్‌లోనే వెళ్లాను.