చాక్లెట్ గుళికలు

ఆ రోజుల్లో నేను యువకుణ్ని. వయసు నలభై ఆరు. నవ్వకండి. డెబ్బైకి దగ్గరపడ్డవాడు వెనక్కి తిరిగి చూస్తే నలభై ఆరు కుర్రతనంగానే కనిపిస్తుంది. పైగా బుద్ధి లెక్కన నాకు అప్పటికి పద్నాలుగు కూడా నిండలేదని మా ఆవిడ ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. పినపాక దగ్గర మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే యూరియా బస్తాల గుట్ట ఎక్కాల్సి వచ్చేది. ఆ గుట్ట నాదే. రోడ్డు పక్కన ఎరువులు, పురుగుమందుల కొట్టు పెట్టుకుని, చుట్టూ ఇరవై అడవి పల్లెలకు నేనే వ్యవసాయ శాస్త్రవేత్తనన్నట్టు తిరిగేవాణ్ని. (ఇరవై కాదు, ఏడు. అందులోనూ రెండు ఊళ్లవాళ్లు నా సలహా విని, మందు మాత్రం మణుగూరు పోయి కొనుక్కునేవాళ్లు.) వరికి పురుగు పట్టినా, మక్కకు పట్టినా, కొట్టు ముందు నిలబడి "సారూ, గుళికలు" అంటే చాలు, ఎకరాలెన్నో అడిగి సంచి తీసి ఇచ్చేవాణ్ని. గుళికలంటే ఏమిటో తెలియని పట్నంవాళ్ల కోసం చెబుతున్నాను, చేలో చల్లే విషపు రవ్వలు. ఇంగ్లీషులో గ్రాన్యూల్స్. నాకు బాగా నోరు తిరిగిన ఇంగ్లీషు మాటల్లో అదొకటి.

మా అమ్మాయి, ఇంట్లో అందరం చిన్నది అంటాం, భద్రాచలంలో ఒక హాస్టలు బడిలో తొమ్మిదో తరగతి చదివేది. ఆ ఏడు దసరా సెలవులకు వచ్చి, వచ్చిన పూటే కొట్టులో నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాన్నా, గ్రనోలా అంటే తెల్సా నీకు?"

"తెల్వకేంది. ఎకరానికి నాలుగు కిలోలు. ఇసుకల కలిపి చల్లాలె."

"గ్రాన్యూల్స్ కాదు నాన్నా. గ్రనోలా. తినేది. చాక్లెట్‌ది."

నెమ్మదిగా విషయం బయటికి వచ్చింది. దాని గదిలో మణుగూరు కాలనీ ఇంజనీరు గారి అమ్మాయి ఒకతి ఉందట. వాళ్ల బాబాయి హైదరాబాదు నుంచి పంపిన డబ్బాలోంచి రోజూ పొద్దున ఓ గుప్పెడు తీసి పాలల్లో వేసుకుని కరకరలాడిస్తుందట. మా చిన్నదాని అరచేతిలో ఒకసారి పోసింది. రెండోసారి చెయ్యి చాపితే, "అయిపోతయే" అని మూత పెట్టేసింది. ఆ మాట చెబుతూ చిన్నది నవ్వింది. నాకు ఆ నవ్వు అరగలేదు.

"డబ్బా నిండ నేనే చేసిస్త," అన్నాను. "ఆ పిల్లనే వచ్చి నీ ముంగట చెయ్యి చాపాలె."

"నీకు చాయ్ పెట్టుడే రాదు గద నాన్నా."

"చాయ్ వేరు, సైన్సు వేరు."

అలా మొదలైంది. ఆ పిల్ల డబ్బా మీద రాసి ఉన్న దినుసులన్నీ చిన్నది నోటుబుక్కులో ఎక్కించుకుని వచ్చింది. ఓట్స్, తేనె, కోకో, బాదం, నూనె. ఓట్స్ మణుగూరులో మందుల షాపులో దొరికాయి. ("షుగరు ఎవరికి సార్, మీకా, మేడంకా?" అని షాపాయన ఎంతో జాలిగా అడిగాడు.) తేనె సంతలో కొన్నాను, అసలైన అడవి తేనె. బాదం బదులు పల్లీలు. ఇక కోకో. ఇన్నేళ్లుగా నేను అందరికీ చెప్పుకునేది ఏమిటంటే, అశ్వారావుపేటలో నా దోస్తు పామాయిల్ తోట చెట్ల నడుమ కోకో పెంచేవాడని, నేను స్వయంగా కాయ కోసి, గింజ తీసి, పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరి, చెట్టు నుంచి చాక్లెట్ తీసిన మొదటి మనిషినని. దోస్తు నిజం. తోట నిజం. సంచిలో గింజలు తెచ్చుకున్న మాటా నిజం. వాటిని మిక్సీలో వేయగానే మొదట శబ్దం, తరువాత పొగ, ఆ తరువాత మా ఆవిడ వచ్చాయి. కోకో పొడి చివరికి మణుగూరు బేకరీ కుర్రాణ్ని బతిమాలి గ్లాసెడు తెచ్చుకున్నదే.

మా ఇంట్లో ఓవెన్ లేదు. పెద్ద గిన్నెలో ఇసుక పోసి, కాచి, దాని మీద పళ్లెం పెట్టి ఓట్స్, పల్లీలు వేయించాను. అంతవరకు బాగానే వచ్చిందని మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది. తేనె కాస్త వెచ్చచేసి కలిపేస్తే సరిపోయేదట. (అప్పుడెవరూ చెప్పలేదు. చెబితే వినేవాణ్నా అంటే, అదీ లేదు.) నాకు మాత్రం ఉత్త తేనె కలపడం వంటలా అనిపించలేదు. బెల్లం కూడా వేసి పాకం పట్టాను.

"తీగపాకం వచ్చింది, ఇగ దించయ్యా," అంది మా ఆవిడ.

"ఇది ఇంగ్లీషు వంట. నీకు తెల్వదు."

"పాకం ఏ దేశంల అయినా పాకమే."

నేను దించలేదు. చిన్నప్పుడు మా మేనత్త పాకం చుక్క నీళ్లలో వేసి, గట్టిపడ్డాక పళ్లానికి కొట్టి చూసేది. టంగుమంటే అయినట్టు. మేనత్త పట్టేది దేనికో నేను అడగలేదు. నాకు గుర్తున్నది ఆ టంగు ఒక్కటే. నా పాకం దేవుడి గుళ్లో గంటలా మోగింది. సంతోషం పట్టలేక ఓట్స్, కోకో అన్నీ గుమ్మరించి కలిపి పళ్లెంలో పరిచాను. ఆరేసరికి అది పళ్లాన్ని వదలలేదు. చివరికి పళ్లెంతో సహా గుడ్డలో చుట్టి రోకలితో దంచాల్సి వచ్చింది. గుడ్డ విప్పి చూస్తే నల్లని, గట్టి, నిగనిగలాడే రవ్వలు. మా ఆవిడ వంగి చూసి ఒక్క మాటే అంది. "అచ్చం నీ కొట్లయే."

చిన్నది ఒక రవ్వ నోట్లో వేసుకుంది. బుగ్గ ఉబ్బింది. నేను దాని ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి, "మంచిగుంది నాన్నా," అంది. అంతసేపు ఎందుకు పట్టిందో నేను ఆలోచించలేదు. స్టీలు డబ్బా నింపి, దాని మీద శుభ్రంగా ఒక చీటీ అంటించి, పెట్టెలో పెట్టి పంపాను.

అది వెళ్లిన ఐదో రోజో ఆరో రోజో, మధ్యాహ్నం పూట కొట్టులో ల్యాండ్‌లైను ఫోను మోగింది. అటునుంచి ఆడగొంతు, వగరుస్తూ. "సార్, గుళికలు..."

"ఉన్నయి మేడం. వరికా, మక్కకా?"

"సార్, నేను హాస్టల్ వార్డెన్‌ని. మీ పాప పెట్టెల గుళికలు దొరికినయి. జల్దీ రండి," అంది.

కొట్టుకు తాళం వేశానో లేదో నాకు తెలియదు. బస్సు దొరికింది, కూర్చున్నాను. అవి నా వంటకాలేనని నాకు అప్పటికే తెలుసు. తెలిసీ, సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేదాకా ముందు సీటు కడ్డీ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఎందుకంటే ఆ మాట అలాంటిది. మా వైపు ఆడపిల్ల పేరు, ఆ మాట ఒకే వాక్యంలో వింటే ఎవరి ప్రాణమైనా అలాగే జారిపోతుంది.

ప్రిన్సిపాల్ గదిలో బల్ల మీద నా స్టీలు డబ్బా ఉంది. ఒక పక్క వార్డెన్ మేడం, ఇంకో పక్క గోడకు ఆనుకుని చిన్నది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. అంతకుముందే అక్కడ విచారణ జరిగింది. చిన్నది "గ్రనోలా సార్, గ్రనోలా" అన్నకొద్దీ వాళ్లకు గ్రాన్యూల్స్ అనే వినబడిందట. చివరికి ఆ ఇంజనీరు గారి అమ్మాయిని పిలిపించి చూపించారట. ఆ పిల్ల డబ్బాలోకి తొంగిచూసి, నిజాయితీగా, "గ్రనోలా గిట్ల ఉండదు సార్," అని సాక్ష్యం చెప్పి పోయిందట.

"పురుగుమందుల దుకాణం మీదేనా?" అన్నాడు ప్రిన్సిపాల్ సారు.

"అవ్ సార్."

"ఈ చీటీ రాసింది మీరేనా?"

ఇక్కడ నేను మీకు ఒక మాట ఒప్పుకోవాలి. ఈ కథ ఎప్పుడు చెప్పినా తప్పంతా వార్డెన్ మేడం చెవులదే అని చెబుతూ వచ్చాను. శుభ్రమైన చీటీ అని పైన మీకూ రాశాను. దాని మీద ఏముందో రాయలేదు. ప్రిన్సిపాల్ సారు కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివాడు.

"చాక్లెట్ గుళికలు. మోతాదు, పూటకు గుప్పెడు. పిల్లలకు అందకుండా ఉంచవలెను." ఆగి, డబ్బాను నా వైపు తిప్పాడు. "గీ ఎర్ర త్రికోణం ఏంది సార్?"

విషపు మందుల సంచుల మీద ఉండే త్రికోణం అది. నేనే ఎర్ర స్కెచ్ పెన్నుతో, స్కేలు పెట్టి మరీ గీశాను. మిగతా పిల్లలు చూసి భయపడి ముట్టుకోకుండా ఉంటారని, చూసి నవ్వుతారని. రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో ఆలోచించలేదు.

"మజాక్‌కు సార్," అన్నాను.

"మజాక్," అన్నాడాయన. నవ్వలేదు. "మాకు రెండు వందల మంది పిల్లలున్నరు. మీరు దరఖాస్తు రాసిచ్చి పాపను తీస్కపోండి. టీసీ ఇస్తం."

చిన్నది గోడ దగ్గర నుంచి కదలలేదు. తలెత్తి నావైపు చూసింది. చదువు మధ్యలో, ఏడాది మధ్యలో, దాని పెట్టె, దాని పుస్తకాలు, అది తెచ్చుకున్న మార్కులు అన్నీ ఆ స్కెచ్ పెన్ను గీత దగ్గర ఆగి ఉన్నాయి. నేను డబ్బా మూత తీసి గుప్పెడు నోట్లో పోసుకున్నాను.

నాలుగు గుప్పిళ్లు, నవ్వుతూ తిన్నానని మా ఊళ్లో చెప్పాను. తిన్నది ఒకటి. అదీ సగం. నమిలితే పై దవడలో ఏదో పటుక్కుమంది. అది పల్లీ కాదని నాకు వెంటనే తెలిసింది. ముఖం చిట్లిస్తే విషమనుకుంటారు, ఉమ్మితే అసలే అనుకుంటారు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వు ముఖం పెట్టి, పన్నుతో సహా మింగాను. ప్రిన్సిపాల్ సారు నా ముఖం కాసేపు చూసి, తరువాత గోడ గడియారం చూశాడు.

"కూసోండి," అన్నాడు. "అరగంట చూద్దం."

నేను చస్తానా బతుకుతానా అని ముగ్గురు మనుషులు నన్ను అరగంట చూస్తూ కూర్చున్నారు. అటెండరు మంచినీళ్లు తెచ్చి పెట్టి, పోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. వార్డెన్ మేడం కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. భయస్తురాలని లోపల నవ్వుకోబోతున్నాను. అప్పుడు ఆమె నా వైపు చూడకుండానే అంది. "నేను ఊకెనే గాబరా పడలే సార్. మా తమ్ముడు గవ్వే గుళికలు తిన్నడు. పత్తి పోయిన ఏడు."

ఆ సంచి ఏ కొట్టులో కొన్నాడో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. ఆ గదిలో నా తెలివితేటల మీద నాకు మొదటిసారి సిగ్గేసింది. పన్ను నొప్పి కూడా కాసేపు తెలియలేదు.

"తప్పయింది మేడం," అన్నాను. ఆ మాటను ఎక్కువ చేయలేదు, తక్కువ చేయలేదు.

అప్పుడు చిన్నది గోడ వదిలి వచ్చింది. ఎవరూ ఆపే లోపల డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి నోట్లో పోసుకుని, పద్నాలుగేళ్ల పళ్లతో ఫటఫటా నమిలింది. గదంతా వినిపించింది. "మంచిగుంటయి మేడం, జర గట్టిగుంటయి గంతే," అని ఒక రవ్వ ఆమె చేతిలో పెట్టింది. మేడం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమనుకుందో, నోట్లో వేసుకుంది. కొరకలేదు. చప్పరిస్తూ కూర్చుంది. కొంతసేపటికి ఆమె కొంగు వేలి నుంచి జారిపోయింది.

"పల్లిపట్టి సార్," అంది ప్రిన్సిపాల్‌తో. "పాకం ముదిరింది. పిల్లను ఉండనియ్యండి."

టీసీ బదులు నాతో ఒక కాగితం రాయించుకున్నారు. తినే వస్తువుల మీద ఇకముందు ఎలాంటి హాస్యపు రాతలూ రాయనని, బొమ్మలు గీయనని. సంతకం పెట్టాను. ప్రిన్సిపాల్ సారు చీటీ ఊడదీసి దానికి పిన్ను కొట్టుకుని, డబ్బా నాకు ఇచ్చేశాడు.

గేటు దాకా చిన్నది వచ్చింది. నేను ఏదో నవ్వించే మాట వెతుకుతున్నాను.

"నాన్నా," అంది. "నువ్వింక ఏం రాయకు. ఊకె ఇచ్చిపో. చాలు."

"మంచిగుందన్నవు గద ఇంట్ల?"

"ఏమనాలె మరి. నువ్వు అట్ల చూస్తుంటివి."

తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్న ముసలామె ఒడిలో డబ్బాను చూసి, "ఏందయ్యా దాంట్ల?" అంది. మామూలుగా అయితే ఆమెకు నేను అశ్వారావుపేట నుంచి మొదలుపెట్టేవాణ్ని. "పల్లిపట్టి, అవ్వా. చెడిపోయింది," అన్నాను. ఆమె చెయ్యి చాపింది. ఇచ్చాను. అశ్వాపురం దాకా బుగ్గన పెట్టుకుని కూర్చుంది. ఇంటికి వెళ్లాక మా ఆవిడతో, చేసే విధానం రాసివ్వమని ప్రిన్సిపాల్ గారు బతిమాలారని చెప్పాను. (ఆమె నమ్మలేదు. నా దవడ వాచి ఉంది.)

ఇప్పుడు చిన్నది ఖమ్మంలో ఉంటుంది, ఉద్యోగం. చాక్లెట్ గ్రనోలా పొట్లాల్లోనే దొరుకుతుంది. నేను వెళ్తే గిన్నెలో వేసి, మెత్తబడేదాకా పాలల్లో నానబెట్టి ఇస్తుంది. రుచి ఎలా ఉందో అడగదు. బాగుందని చెప్పి తింటాను. అప్పుడప్పుడు ఆ బస్సులోని నలభై ఆరేళ్ల మనిషి గుర్తుకొస్తాడు. దవడ పట్టుకుని, ఇంట్లో ఏం అబద్ధం చెప్పాలా అని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాడు. వీలైతే వాడి పక్కన సీట్లో కూర్చుని, "పోరడా, ఆ పిల్లకు నీ డబ్బా నచ్చలేదు గానీ, నువ్వు నచ్చినవు లే," అని చెప్పాలనిపిస్తుంది. వాడు నమ్ముతాడు. నమ్మి, ఊళ్లో దిగగానే ఆ మాటను కూడా నాలుగింతలు చేసి చెబుతాడు.