పసుపురంగు పెరుగన్నం

ఈ ఉదయం పుట్టినరోజు కేకు కోసం క్రీములో పసుపురంగు కలుపుతుంటే వేళ్లకు అంటుకుంది. సబ్బుతో ఎంత తోమినా గోళ్ల చివర్లు వదల్లేదు. శేషు ఆంటీ గుర్తొచ్చింది. ఇక పని సాగితే ఒట్టు!

మయూర్ విహార్‌లో మా ఎదురు ఫ్లాటు ఆవిడది. అంకుల్ కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరయ్యారు. పెళ్లయి ఢిల్లీ వచ్చిన కొత్తలో నాకు అన్నం వండడం కూడా సరిగ్గా రాదు. వంటా, కేకులూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. క్రీములో రంగు వేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపేసేది. "చాలమ్మాయ్, చాలు! కాసేపుంటే అదే ముదురుతుంది. నీకు ప్రతిదానికీ తొందరే!" అదంతా కేకుల వరకే. అన్నంలో సీసా రంగు పడిందా, అగ్గి మీద గుగ్గిలమే. "బిర్యానీకి రంగేమిటే, హోలీ ఆడుతున్నామా?" అనేది.

అలాంటి మనిషి ఒకరోజు మా తలుపు తట్టి, "నీ పసుపురంగు సీసా ఇలా ఇవ్వవే" అంది. అప్పటికి అంకుల్‌కి మతిమరుపు జబ్బు బాగా ముదిరింది. ఏం పెట్టినా మొహం తిప్పేసుకునేవారు. పులిహోర ఒక్కటే గుర్తుపట్టేవారు. కానీ మింగడం కష్టమై, మెత్తటివే పెట్టమన్నాడు డాక్టరు. పెరుగన్నంలో పసుపు కలిపి చూస్తే, పచ్చివాసనకు ఉమ్మేశారట. సీసా పట్టుకుని నేనూ వాళ్లింటికి వెళ్లాను. ఆంటీ మెత్తగా మెదిపిన పెరుగన్నంలో రెండు చుక్కల రంగు కలిపి చెంచా అందించింది.

"అచ్ఛా! పులిహోరా?" అన్నారాయన.

"పులిహోరేనండీ. తినండి."

గిన్నె ఖాళీ అయింది. ఆంటీ వంటింట్లోకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నలభై ఏళ్ల కాపురంలో ఆయనకెప్పుడూ అబద్ధం వడ్డించలేదే," అంది. అప్పట్నుంచి ఆయన కంచంలో పాలన్నమూ పసుపే, ఉప్మా కూడా పసుపే.

ఆ మాయ మాత్రం ఎన్నాళ్లు సాగుతుంది? చలికాలం పోకముందే ఆయన ఆ పసుపును కూడా తోసేశారు. కొద్దిరోజులకే పోయారు.

తర్వాత ఆంటీ తిండి మానేసింది. ఒకరోజు బీట్‌రూట్ ఇడ్లీ, ఇంకోరోజు పాలకూర దోసె, మరోరోజు గులాబీరంగు సేమియా పాయసం పట్టుకెళ్లాను. బతిమాలాను, కోప్పడ్డాను, ఏడ్చాను కూడా.

"ఈ మోసాలన్నీ నీకు నేర్పింది నేనే కదే. నన్నెలా మోసం చేస్తావు, పిచ్చిమొహమా?" అంటూ గిన్నె మీద మూత పెట్టేసింది.

వేసవికల్లా ఆవిడా లేదు.

ఆవిడ నేర్పిన విద్యతోనే ఇవాళ నా ఇల్లు గడుస్తోంది. అన్నం దగ్గర మారాం చేసే పిల్లలు నా కేకు చూడగానే నోరు తెరుస్తారు, తల్లులు మురిసిపోతారు. ఎందుకొచ్చిన విద్య! నేర్పిన మనిషికే ఒక్క ముద్ద తినిపించలేకపోయాను.