డోరా టీచర్ ఈస్టర్ సీసా

బోయిగూడలో మా చర్చి సండే స్కూలు మొత్తం డోరా టీచర్ చేతుల మీదే నడిచేది. చీర మడత నలగకుండా అల్వాల్ నుంచి బస్సులో వచ్చేది. పిల్లలు ఏమడిగినా "తెలీదు" అనడం ఆమెకు చిన్నతనం. తెలియకపోతే అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పేసేది మహాతల్లి.

ఒక ఏడాది, ఈస్టర్‌కు ముందొచ్చే లెంటు ఉపవాసాల రోజుల్లో చర్చి నందివర్ధనానికి వేలంత లావు పచ్చని గొంగళిపురుగు పట్టింది. మెడ దగ్గర రెండు నీలం మచ్చలు కళ్ళలా ఉంటే పాముపిల్ల అనుకుని పిల్లలు పరుగెత్తారు. దేవకృప ఒక్కతే కదల్లేదు. ఆ పిల్ల తల్లి అంతకుముందే ఆస్పత్రిలో పోయింది. చివరిచూపుకు కూడా పెద్దవాళ్ళు పిల్లను తీసుకుపోలేదు.

కొన్నాళ్ళకు పురుగు గోధుమరంగుకు తిరిగి, చెట్టు దిగి, రాలిన ఆకుల కింద ప్యూపా అయింది. డోరా టీచర్‌కు ఈస్టర్ పాఠం దొరికింది. యేసు తిరిగి లేచిన పండగ రోజు ఇది రెక్కలతో లేస్తుందనీ, మీ అమ్మ కూడా ఒకనాడు ఇలాగే లేస్తుందనీ దేవకృపకు అందరి ముందూ మాటిచ్చింది. చూడ్డానికి శుభ్రంగా ఉండాలని మట్టీ ఆకులూ దులిపేసి, కడిగిన పచ్చడి సీసాలో దూది పరిచి పెట్టింది. ప్యూపాలోంచి బయటికొచ్చిన చిమ్మట, సీతాకోకలాంటిదే, గరుకైన పుల్లేదైనా ఎక్కి, తడి రెక్కలు వేలాడదీసి ఆరబెట్టుకోవాలి. ఆ సంగతి ఆమెకు తెలియదు, ఎవరినీ అడగనూ లేదు.

ఈస్టర్ ఆరాధనకు ముందే వచ్చి చూస్తే చిమ్మట లేచే ఉంది. ఆకుపచ్చ మీద గులాబీ చారలు, ఎంతో అందమైన రంగులు. కానీ నున్నటి గాజు మీద కాళ్ళు జారి, రెక్కలు నలిగిన గుడ్డపీలికల్లా ఎండిపోయాయి. ఆమె గబగబా సీసాను బీరువాలో పెట్టి తలుపు మూసింది.

ఆరాధన అయ్యాక దేవకృప వచ్చి అడిగితే, తెల్లారకముందే ఎగిరిపోయిందని చెప్పింది.

"నేను జూడకముందే పోయిందా?" అంది పిల్ల. "మా అమ్మ సుత గిట్లనే పోయింది."

డోరా టీచర్‌కు తల కొట్టేసినట్టయింది. బీరువా తెరిచి సీసా తెచ్చింది. దేవకృప వేలు పెడితే చిమ్మట మెల్లగా పైకెక్కి వణికింది.

"లేచింది కదా టీచర్. ఎందుకు దాచిన్రు?"

"సిగ్గేసిందమ్మా."

"దీన్ని జూసా?"

"కాదు. నన్ను చూసుకుని," అంది డోరా టీచర్, తల ఎత్తకుండానే.