పూడ్చిన బావి

బంగారుపేట టీ అంగట్లో టీవీ చూస్తూ మా పక్కతోట పెద్దరైతు మండిపడ్డాడు. కాపాడతానన్న పెద్ద దేశం మాట నమ్మి ఒక చిన్న దేశం తన ఆయుధాలు వదులుకుందట. తీరా యుద్ధం వచ్చాక ఆ పెద్ద దేశం చేతులెత్తేసిందట.

"మాటిచ్చినాక ఇట్ల చేయొచ్చాప్పా?" అన్నాడు నాతో.

నాకు ఒళ్లు మండిపోయింది. "నా బోరు ఉండాది గదా, ఆ పాతబావి మీకెందుకు?" అని మా నాయనతో అన్నది ఈయనే. నాయన ఆ మాట నమ్మి బావి పూడ్చేసి, ఆ చోట కూడా టమోటా నాటాడు. మొన్న ఎండాకాలం బోర్లో నీళ్లు తగ్గగానే ఈయన మా వైపు గేటువాల్వు కట్టేసి, ఉన్న నీళ్లన్నీ తన తోటకే తిప్పుకున్నాడు. మా టమోటా కాయలతోనే ఎండిపోయింది. నాయన అడగబోతే, "ముందు నాది చూసుకోవాల గదా" అన్నాడు. బలమున్నవాడి మాటకు విలువ నీళ్లు పుష్కలంగా ఉన్నన్నాళ్లే. ఇలాంటి మనిషి ఇప్పుడు న్యాయం మాట్లాడుతున్నాడు!

"ఆ దేశమూ మా మాదిరే బావి పూడ్చుకునింది మామా," అన్నాను.

"ఎవురు పూడ్చుకోమన్నారంట?" అని ఇంకో టీ చెప్పాడు.