రెండు మార్కుల కారు

ఆ రోజుల్లో మా అనంతపురం పల్లెల్లో వయసు అడిగితే సంవత్సరం చెప్పినవాళ్ళు లేరు. "పెద్ద కరువుకు పాలు తాగే బిడ్డ", "ఆ యెనక కరువుకు గొర్లు కాసేటోడు" అని కరువుల మీదే లెక్క కట్టేవాళ్ళు. నాకు మాత్రం ఇంకో లెక్క దొరికింది. కార్ల కంపెనీవాళ్ళు వానతో పని లేకుండా, ముందు జాలీ మార్చి బండికి ఒక పుట్టుక, వెనక దీపాలు మార్చి ఇంకో పుట్టుక ఇస్తారని తెలిసింది. పీయూసీ చదువుతూ పత్రికలో ప్రకటన చూసి, మీ చిన్న కారు పుస్తకం పంపండని మద్రాసు ఏజెంటుకు కార్డు రాశాను. "డియర్ సర్" అంటూ పంపారు. (సర్ కాదని దిద్దుతూ ఇంకో కార్డు రాశాను. జవాబు లేదు.) ఆ రంగుల పుస్తకాన్ని కెమిస్ట్రీ పుస్తకంలో పెట్టుకుని కంఠస్థం చేశాను. రెండే తలుపులు, నేలకు అంటుకున్నట్టు ఎత్తు తక్కువ, పరుగు ఎక్కువ. రెండో రకానికి, అంటే మార్కు టూకి, జాలీ కొత్తది, డ్యాష్‌బోర్డుకు చెక్క, వెనక దీపాలు గుండ్రం పోయి నిలువు. గుండ్రంగా ఉంటే దీపానికి వచ్చిన నష్టమేమిటని ఫిజిక్స్ మాస్టారిని అడిగితే, "కొనేటోళ్ళు అడగాల్సిన మాట నీకెందుకమ్మా?" అన్నాడు. ఆ పుస్తకం చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాలు కొన్ని ఉండేవి. చీమల కోసం రాసినవనుకుని వదిలేశాను.

అప్పటికి నేను కారెక్కింది లేదు. అలాంటిది గార్లదిన్నెలో శనక్కాయల మిల్లు నడిపే మా పెదనాయన, అంటే మా నాయనకు అన్న, బెంగుళూరు పోయి ఎవరో వాడిన ఆ చిన్న కారునే కొనుక్కొచ్చాడు. పండు మిరపకాయ రంగు. మిల్లు ముందు నిలబెట్టి, "మార్కు టూ అప్పా ఇది, మార్కు టూ!" అని చాటాడు. మిల్లులో తూకాలు వేసే ఆయన చుట్టూ తిరిగి చూసి, "బెంగుళూరు దాకా పోయి రెండు మార్కుల బండి తెచ్చినావా అన్నా? ముప్పయ్యైదొస్తే గదా పాసు!" అన్నాడు. అంతే, ఆ పేరు ఊరంతా పాకింది. పెదనాయన బజారుకు పోతే, "ఏమన్నా, ఇంగో పరీచ్చ రాపిచ్చేది లేదా?" అని పలకరింపు. పాపం, రెండు రోజుల్లో మనిషి చిక్కిపోయాడు.

మూడో రోజే నా గండం. బీయస్సీలో సీటు వచ్చిందని అనంతపురం కాలేజీ గోడ మీద పేరు వేశారు. పన్నెండు లోపల మార్కుల లిస్టుతో మనిషి స్వయంగా కనబడకపోతే సీటు కింది పేరుకు పోతుంది. పొద్దున రావాల్సిన బస్సు రాలేదు. నేను ఏడుపు మొదలుపెట్టకముందే పెదనాయన, "పా పాపా, కారుండాది గదా!" అన్నాడు. మిల్లు లారీ తోలే సాయిబు (ఊరికంతా లారీ మామ) స్టీరింగు పట్టుకున్నాడు. బుద్ధి ఉన్న పిల్లయితే ఎక్కి కూర్చునేది. నేను ముందు వెనక్కి పోయి దీపాలు చూశాను. గుండ్రంగా ఉన్నాయి.

ఊరు దాటేదాకా ఓపిక పట్టాను. (నా వరకు అదే రికార్డు.) ఆ తర్వాత, "పెదనాయనా, ఇది మార్కు టూ కాదు, మార్కు వన్. పాత బండికి కొత్త ముక్కు అతికించి నీకు అంటగట్టినారు" అన్నాను.

పెదనాయన మెడ తిప్పిన తీరు ఇప్పటికీ గుర్తే. "ఊరోళ్ళు రెండు మార్కులని నగుతాండారు. నువ్వు దాంట్లో గూడా ఒకటి కోస్తివా?"

"కోసింది నేను కాదు, కంపెనీ. పుస్తకంలో ఉండాది."

"పుస్తకం నాయాలిది యాడుండాదో దాన్నే ఎక్కిపో అట్లయితే!"

లారీ మామ నవ్వు ఆపుకోవడానికి హారన్ కొట్టాడు. సగం దారిలో ముక్కు నుంచి ఆవిరి బుస్సుమంది. బండి ఆగింది. మామ పొద్దున ఇంజనుకు నీళ్ళు పోయడం మరిచాడు. సరే, ముందు మూత ఎత్తి చూద్దామంటే బానెట్ తెరుచుకోదు. లారీ అలవాటున ముందు వైపు వేళ్ళు దూర్చి, తట్టి, తన్ని, చివరకు "యా అల్లా, దీనికి నోరే లేదు" అని కూలబడ్డాడు. చుట్టూ ఎర్రటి చేలు, విత్తనం ముఖం చూడని సాళ్ళు. పెదనాయన గడియారంలో పదకొండు.

ఆ బండికి గొళ్ళాలు ముందు కాదు, పక్కల, చక్రాల వెనక ఉంటాయని నాకు తెలుసు. పుస్తకంలో నాలుగో పేజీ. నా సీటు, నా చదువు అన్నీ ఆ గొళ్ళాల వెనకే ఉన్నాయని కూడా తెలుసు. అయినా ఎండలో చేతులు కట్టుకుని నిలబడి ఏమన్నానో చూడండి: "నేను తెరుస్తా. ముందు మార్కు వన్ అని ఒప్పుకో."

"నీ సీటు పోతాదే, మొండిదానా!"

"పోనీ."

పెదనాయన గడియారం చూశాడు, నన్ను చూశాడు, మేఘం లేని ఆకాశాన్ని చూశాడు. "ఒప్పుకుంటి. వన్నే. తెరూ."

రెండు పక్కలా గొళ్ళాలు లాగి ఎత్తాను. మడ్గార్డులతో సహా బండి ముక్కంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు లేచింది. లారీ మామ సలాం కొట్టాడు. పెదనాయన లోపలికి తొంగి చూసి, ఎందుకో చిన్నగా నవ్వి, భుజం మీది టవలు తీసి ఇంజను పక్కనున్న ఇనప గోడకు కప్పాడు. "వేడి తగుల్తాది, ఆడ చెయ్యి పెట్టాకు" అన్నాడు. గెలిచిన మత్తులో ఉన్న నేను అదేం వేడో అడగలేదు.

నీళ్ళ కోసం మామ, దారిన కడవ మోసుకొస్తున్న అవ్వను ఆపాడు. "బండికి నీళ్ళా? ఇదేమన్నా కణేకల్లు చెరువా ముంచి పోసేకి? మైలు దూరం మోసినవి నాయనా!" అని ఆమె కసిరింది. ఆ తర్వాత నా చేతిలోని కాగితం చూసి, "ఈ పాప యాడికి?" అంది. కాలేజీలో చేరడానికని చెప్పాం. "సగమే. సగం నా కోడలికి" అని కడవ దించింది. ఇంజను చల్లారాక మామ పోశాడు. పన్నెండుకు అయిదు నిమిషాలుండగా నేను కాలేజీ మెట్లెక్కాను. వెనక్కి తిరిగి, "మార్కు వన్!" అని మరీ అరిచాను.

ఆ కాలేజీలోనే ఇప్పుడు ఫిజిక్స్ చెబుతున్నాను. పెదనాయన పోయి చాలా ఏళ్ళయింది. మొన్న గార్లదిన్నె పోతే మిల్లు షెడ్డులో ఖాళీ గోతాల కింద ఆ మిరపకాయ రంగు కనబడింది. చేతులు వాటంతటవే గొళ్ళాలు వెతుక్కున్నాయి. ముక్కు లేచింది. ఆనాడు టవలు కప్పిన చోట ఒక రేకు, దాని మీద కంపెనీ అక్షరాలు, పక్కన రెండు నిలువు గీతలు. మార్కు టూ. (దాచుకున్న ఆ రంగుల పుస్తకంలోని చీమల అక్షరాలు ఇంటికి పోయి చదివాను. "ముందుగా తెలుపకుండా మార్పులు చేయబడవచ్చును." దీపాలు కొన్ని బండ్లకు ఆలస్యంగా మారాయన్నమాట.)

"ఆ దినమే సూసినాడంటమ్మే" అంది వెనక నిలబడ్డ మా పెద్దమ్మ. "ఊరంతా నగుతాండారు గదా, సూపిచ్చకపోతివా అంటే, 'బిడ్డ గెలిచిన మొగంతో మెట్లెక్కనీలే, నాకొక మార్కు పోతే పోతాది' అన్యాడు."

"ఒప్పుకుంటి. టూనే" అన్నాను ఆ రేకుతో. అయినా నన్ను నేనెరుగుదును కదా. ఆ రెండు గీతల్లో ఒకటి తుప్పు గీతేమోనని, పెద్దమ్మ అటు తిరగగానే కొంగుతో గట్టిగా రుద్ది చూశాను. పోలేదు.