మందు ప్రసాదం కాదన్న మేడం

తెల్లవారినప్పటి నుంచి ముసురు. బుధవారం, టీకాల రోజు. పెబ్బేరు దగ్గర మా సబ్‌సెంటర్‌లో సిరంజీలు బల్ల మీద సర్దుతుంటే ఫోన్ మోగింది. వనపర్తిలో మాకు నర్సు శిక్షణలో సూక్ష్మజీవుల పాఠం చెప్పిన మేడం పొద్దున గుండెపోటుతో పోయారని కాలేజీ అటెండరు చెప్పాడు. అప్పటికే తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వరుసలో నిలబడ్డారు. టీకాలన్నీ వేసి, రిజిస్టరు రాసి, ఆ తర్వాతే బస్సెక్కాను.

మేడం మాటకారి కాదు. రాసే పని లేకపోయినా చేతిలో సుద్దముక్క ఉండేది. చేరిన మొదటి వారమే, ఇళ్లలో మిగిలిపోయిన మాత్రలు తెమ్మన్నారు. సోమవారానికి బల్ల మీద గుట్ట పడింది. సగం చించిన పట్టీలు, పేర్లు చెరిగిపోయినవి. తండ్రి ఆర్‌ఎంపీ అయిన ఒకమ్మాయి, "మా ఇంట్లయి తేవాలంటే బండి గట్టాలె మేడం" అంది. అందరం నవ్వాం. మేడం నవ్వలేదు.

"ఇవన్ని సగంల ఆపిన కొట్లాటలు. ఎవలు గెలిచిన్రో చెప్పున్రి."

మందుకు ఒళ్లు అలవాటు పడిందని ఊళ్లో అందరూ అన్నట్టే మేమూ అనేవాళ్లం. ఆ మాట వింటే ఆమె ఊరుకునేవారు కాదు.

"అలవాటు పడేది ఒళ్లు గాదు, పురుగు. చావక మిగిలిన పురుగు పిల్లల్ని పెడ్తది. ఆ పిల్లలకు మీ మందు చాక్లెట్ లెక్క. అవి ఇంకొకని ఒంట్లకు పోతె, ఆనికి గూడ ఆ మందు పనిచెయ్యది."

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, విద్యార్థినులను వెంటబెట్టుకుని మా సబ్‌సెంటర్‌కు వచ్చారు. అప్పుడు నేను కత్తెరతో మాత్రల పట్టీలు కత్తిరిస్తున్నాను. ఆ నెల యాంటీబయాటిక్ మాత్రలు ఒకే పెట్టె వచ్చాయి. దగ్గు, జ్వరం అంటూ వచ్చినవాళ్లు వాకిలి దాకా ఉన్నారు. ఎవరూ ఉత్త చేతులతో పోకూడదని తలా రెండు రోజులకు ఇస్తున్నాను.

"ఏందే ఇది? ప్రసాదమా, అందరికి ఇంతింత పెట్టనీకె?"

అంతమంది ముందు అనేసరికి నాకు మండింది. "ఐదు రోజులకియ్యాలంటె మందేది మేడం? మీ బోర్డు మీదికెళ్లి తేవాల్నా?"

ఆమె నా చేతిలోని కత్తెర తీసుకుని బల్ల మీద పెట్టారు. "ఎంతమందికొస్తె అంతమందికి పూర్తిగ ఇయ్యి. మిగిలినోళ్లను వనపర్తి దవాఖానకు తోలు."

"పోతరా?"

"పోరు. అయినా సగం ఇయ్యకు."

అలాగే చేశాను. ఆ చలికాలం, పెట్టె ఖాళీ అయ్యాక కూలికి పోయే ఒక తల్లి ఏడాది పాపను తెచ్చింది. పాప ఊపిరాడక డొక్కలు ఎగరేస్తోంది. వనపర్తికి చీటీ రాసిచ్చి, ఇప్పుడే పొమ్మన్నాను. తల్లి పోలేదు. వడ్డేపల్లి వైపు పత్తి పనికి జీపులో పోయే గుంపులో ఉంది. ఒక్కరోజు మానితే మళ్లీ పిలవరు. దారిలో ఎవరి దగ్గరో పాపకు సూది వేయించింది. మూడో రోజు పాప చనిపోయింది.

నేను సగం సగం ఇచ్చి ఉంటే రెండు రోజుల మందైనా ఆ పాపకు ఉండేది. బతికేదో లేదో తెలియదు.

మేడంకు ఫోన్ చేశాను. నీ తప్పు లేదంటారనుకున్నాను. అనలేదు. ముందు వచ్చినవాళ్లలో ఎవరెవరికి ఇచ్చావని అడిగారు. చెప్పాను.

"మామూలు దగ్గుకు ఎందుకిచ్చినవే?"

"ఇయ్యకుంటె సబ్‌సెంటరెందుకు అంటరు మేడం."

ఆదివారం ఆమె వచ్చారు. ఇద్దరం ఆ ఇంటికి నడిచాం. తల్లి చాటలో పల్లీలు ఏరుతోంది. తలెత్తి, "ఇప్పుడొచ్చినవా అమ్మా? మాత్రలు దెచ్చినవా?" అంది. తిరిగి వస్తుంటే మేడం, "నేను పాఠం సగమే చెప్పిన. ఎవలకు అసలే ఇయ్యొద్దో, అది ముందు చెప్పేది ఉండె" అన్నారు.

తర్వాత మందుల కోసం పైవాళ్లకు ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. ఏటా పాఠాన్ని మాత్రం ఆ పాప సంగతితోనే మొదలుపెట్టేవారని మా తర్వాత చదివినవాళ్లు చెప్పారు. అవసరం లేనివాళ్లను మాత్ర ఇవ్వకుండా పంపడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అందుకు నన్ను ఊళ్లో పిసినారి నర్సమ్మ అంటారు. నేర్చుకునేలోపు ఒక పాప పోయిందన్న కోపం ఆమె మీద ఇంకా ఉంది. నా మీద కూడా ఉంది.

నేను వెళ్లేసరికి వనపర్తిలోనూ వాన పడుతోంది. మేడం ఇంటి వరండాలో నాతో చదివినామె నిలబడి ఉంది. గద్వాలలో భర్తతో కలిసి మందుల దుకాణం నడుపుతోంది. కళ్లు తుడుచుకుంటూ, "ఎంత తిట్టినా మన మంచికే తిట్టె గదనే" అంది. అంతలో దుకాణం నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది.

"జ్వరమా? ఆ, గదే ఇయ్యి. ఐదు రోజులకు కొంటడంటనా? కొనడా? అయితె రెండ్రోజులకియ్యి, పో."

ఫోన్ సంచిలో వేసుకుంది. నా వైపు చూడలేదు.

మూడు గంటలకు మేడంను తీసుకుపోయారు. నాలుగున్నరకు నాతో చదివినామె గద్వాల బస్సెక్కింది. ఐదింటికి నేను పెబ్బేరు బస్సెక్కాను.