రంగు లేని పావురం

ఒబ్దులియా అంటే మా ఊళ్ళో ఎవరికీ పడదు. నాకూ పడదు. ముర్సియా నగరం నుంచి వచ్చే బస్సు ఆఖరున ఆగే చోట నాదో చిన్న బారు. ముప్పై ఏళ్ళు నిమ్మకాయల షెడ్డులో పెట్టెలు సర్ది రిటైరైన ఈ మనిషి రోజూ పొద్దున్నే వచ్చి కాఫీ తాగి, అది చల్లారిపోయిందని నన్ను తిట్టి మరీ వెళ్తుంది. పొగలు కక్కే కాఫీ ఇచ్చినా అదే మాట.

డిసెంబరు వచ్చిందంటే ఆమె మకాం ఊరి వెనక ఎండిపోయిన వాగులోకి మారుతుంది. మడత కుర్చీ, టెలిస్కోపు, ఒక నోటుబుక్కు. ఎదురుగా కొండచరియ మీద గద్దల జంట గూడు ఉంది. అవి చలికాలంలోనే పుల్లలు తెచ్చుకుని గూడు సర్దుకుంటాయి, ఫిబ్రవరిలో గుడ్లు పెడతాయి. ఆరేళ్ళుగా ఆ గూట్లోంచి ఒక్క పిల్ల కూడా ఎగరలేదు. ఈ ఏడు ఒక్కటైనా ఎగిరితే చాలని ఆమె పట్టు. అందుకే వాగులో ఎవరు దగ్గినా ఊరుకోదు. "తల్లి లేస్తే ఈ చలికి గుడ్లు చస్తాయి, నోరు మూసుకుని నడవండి" అని కుక్కల్ని తిప్పేవాళ్ళని తిట్టింది, సైకిళ్ళవాళ్ళని తిట్టింది, చివరికి చర్చి ఫాదర్ని కూడా వదల్లేదు.

మా ఊరి మగవాళ్ళకేమో పావురాల పిచ్చి. మిద్దె లేని ఇల్లుంటుందేమో కానీ పావురాల గూడు లేని మిద్దె ఉండదు. మగపావురాల రెక్కలకి ఎవరి రంగులు వాళ్ళు పూస్తారు. తోకకి తెల్ల ఈక కట్టిన ఒక ఆడపావురం వెనక వాటన్నిటినీ ఒకేసారి వదులుతారు. దాన్ని ఎవరి పావురం ఎక్కువసేపు అంటిపెట్టుకుంటే వాడిది గెలుపు. ఆ రంగుల్ని మేం చూసి మురిసిపోతాం, గద్ద చూసి తినేస్తుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒబ్దులియా కొండ కింద రాలిన ఈకలు ఏరుకొచ్చి అందరూ ఉండగా నా బల్ల మీద పోసేది.

"పసుపూ ఆకుపచ్చా ఎవరిది? మంగళవారం పొద్దున పోయింది."

"నోరు ముయ్యవే ముసలీ," అన్నాడు ఖినేస్. అది వాడిదే. మూడేళ్ళు చేత్తో గింజలు తినిపించి పెంచుకున్నాడు.

"పోయినదాని కోసం మిద్దెక్కి రోజూ ఆకాశం చూస్తూ కూర్చుంటావని చెప్పాను. మంచికి పోతే ఇదీ మర్యాద."

"ఆ గద్దల పీడ నేను వదిలిస్తాను, చూస్తూ ఉండు."

"గూటి జోలికి వెళ్ళు, నీ గడ్డం ఒక్కో వెంట్రుకా పీకుతాను."

నేను ఇద్దరినీ బయటికి పొమ్మన్నాను. నా బారులో ఈకలేమిటి, ఖర్మ కాకపోతే.

ఫిబ్రవరి మూడో ఆదివారం, మంచు గాలి కొడుతున్న పొద్దున, వాగులోంచి గోల మొదలైంది. వాగు దారిలోని ఇనప గేటు మీద దేన్నో వేసి బాదుతున్న చప్పుడు, దాని మీద ఆడగొంతు కేకలు. ఊరంతా గుమ్మాల్లోకి వచ్చింది. కేకలు ఒబ్దులియావి. దగ్గితేనే కరిచే మనిషి గొంతు చించుకుంటోంది. పిచ్చెక్కిందన్నారు. నేనూ అదే అన్నాను.

జరిగింది తర్వాత చెప్పింది. కొండ కింద పొదల్లోంచి ఎవరో ఒక పావురాన్ని వదిలారట. దానికి రంగు లేదు. ఆ నెలల్లో మా ఊళ్ళో రంగు పూయకుండా ఎవరూ పావురాన్ని ఎగరేయరు. రెక్క ఈకలు కత్తిరించి ఉన్నాయి, ఎగరలేక దొర్లుతోంది. మెడ వెనక తడిగా ఏదో మెరుస్తోంది. టెలిస్కోపులో అది చూసేసరికి మగగద్ద కొండ మీంచి దిగుతోంది. అది పావురాన్ని గూటికి తీసుకెళ్తే జంట రెండూ తింటాయి, రెండూ చస్తాయి. మడత కుర్చీ ఎత్తి గేటు మీద బాదింది. మగది పక్కకి తప్పుకుంది. గుడ్ల మీదున్న తల్లి కూడా లేచిపోయింది.

నిమ్మకాయల షెడ్డునాటి రబ్బరు తొడుగులు వేసుకుని ఆ పావురాన్ని పట్టి, మూత ఉన్న పెట్టెలో పెట్టి, మధ్యాహ్నం నా బారుకి తెచ్చింది. అప్పటికి పావురాల వాళ్ళందరూ డామినో బిళ్ళలు ఆడుతున్నారు. ఆట మధ్యలో పెట్టె దింపి, మూత కొంచెం తెరిచింది.

"ఎవరిది?"

ఖినేస్ గోడ వైపు చూస్తున్నాడు. వాడి తండ్రి ఎలోయ్ లేచాడు. ఎనభై రెండేళ్ళు, రెండు కళ్ళకీ పొరలు. ఊళ్ళో సగం మందికి పావురాన్ని పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"ఇలా తే. ఏ గూటి పక్షో చెయ్యి చెబుతుంది నాకు."

పావురం మెడ ఈకలు విడదీసి చూడాలంటే ఆయన ముందు వేలు నాలుకకి అద్ది తడి చేసుకుంటాడు. విడదీస్తాడు, మళ్ళీ తడి చేసుకుంటాడు. అలవాటుగా వేలు తడి చేసుకుని పెట్టె మీదికి చాపాడు.

"నాన్నా, ముట్టుకోకు!"

ఖినేస్ బల్ల మీంచి దూకి తండ్రి చేతిని ఒక్క దెబ్బ కొట్టాడు. డామినోలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. ముసలాయన చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది.

"ఎందుకు ముట్టుకోకూడదురా?"

వాడు వంగి డామినోలు ఏరడం మొదలెట్టాడు.

"పావురానికి విషం పూశావా? పావురానికా?"

ఆయన గొంతు పెద్దది కాలేదు. నాకు మాత్రం వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఒబ్దులియా పెట్టె మూత వేసేసింది. ఆయన వేలు తగిలితే ఏమయ్యేదని తర్వాత ఆమెని నిలదీశాను. "తగలనిచ్చేదాన్ని కాదు. ముందు ఎవడు నోరు తెరుస్తాడో చూశాను," అంది. ఆ జవాబు ఇప్పటికీ నాకు నచ్చలేదు.

పెట్టెని పోలీసులు తీసుకెళ్ళారు. ఎలోయ్ మిద్దె తాళం మార్చాడు. కొడుకుని గూళ్ళ దగ్గరికి రానివ్వడం లేదు.

తల్లి గద్ద గంటా పది నిమిషాలకి గూటికి తిరిగొచ్చింది. నలభై రోజుల్లో పిల్లలు కావాల్సిన గుడ్ల మీద యాభై ఆరు రోజులు కూర్చుంది. గుడ్లు పగల్లేదు. ఒబ్దులియా కూడా అన్ని రోజులూ ఎదురుగా కూర్చుంది. ఒక ఉదయం తల్లి లేచి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. ఆ రోజు ఆమె బారుకొచ్చి, నగరంలోని పక్షుల సంఘానికి పంపే కాగితం నా ముందే నింపింది. గూడు పాడవడానికి కారణం అన్న చోట తన పేరు రాసింది.

"ఖినేస్ పేరు రాయి," అన్నాను.

"వాడు చంపాలనుకున్న గద్దలు బతికే ఉన్నాయి."

"నువ్వు అరవకపోతే బతికేవా?"

"అరిచాను కాబట్టే గుడ్లు పోయాయి. ఇద్దరి పేర్లు రాసేంత చోటు లేదు అందులో."

చోటు ఉంది. సగం గీత ఖాళీగా ఉండడం నేను చూశాను.